నడిమి లాకుల నుంచి మొగ దాకా

గట్టు పుట్టిన ముప్ఫై ఒకటో ఏడు, జ్యేష్ఠ బహుళ విదియ

పరుగు: నడిమి లాకుల నుంచి ఎగువ లాకుల దాకా, ఇరవై ఒక్క కిలోమీటర్లు. పట్టిన సమయం: రెండు గంటల ఆరు నిమిషాలు. గాలి: దక్షిణపు గాలి. బిగువు: అన్ని రాళ్ళ దగ్గరా రెండు వేళ్ళు. రన్నరు: మల్లాడి నూకరత్నం.

ఈ పుస్తకంలో ఇంతవరకూ రాస్తే చాలని గట్టు కమిటీ నియమం. కింద మిగిలే ఖాళీలో ఏం రాయాలో వాళ్ళు చెప్పలేదు, ఏం రాయకూడదో కూడా చెప్పలేదు. అందుకని రాసుకుంటున్నాను.

ఈ రోజు నాకు కుళ్ళు పుట్టింది. పరుగు ముగించి మధ్యాహ్నం పడవలో తిరిగివచ్చి, లాకుల గోడ మీది పలకలో పోలయ్య బాబాయ్ లెక్క చూశాను. నేను నడిమి లాకుల నుంచి పైకి పరుగెత్తితే, ఆయన అక్కడి నుంచే కిందికి, సముద్రం మొగ దాకా పరుగెత్తుతాడు. ఆయనదీ ఇరవై ఒక్క కిలోమీటర్లే. కాలికి కట్టుకున్న లెక్క గజ్జె మేము వేసిన అడుగులన్నీ పలక మీదికి పంపుతుంది. నావి నిమిషానికి నూట డెబ్బై. ఆయనవి మొదటి పదిహేను కిలోమీటర్లలో నూట అరవై. చివరి ఆరు కిలోమీటర్లలో రెండు వందల నలభై!

ఆయనకు అరవై రెండేళ్ళు. నాకు ముప్ఫై నాలుగు. నాకు పరుగు నేర్పింది ఆయనే. అయినా సరే, ఇది మరీ అన్యాయం.

సుగుణక్క నా మొహం చూసి నవ్వింది. లాకుల తలుపులు తీసేది, మూసేది, పడవలకు వంతులు చెప్పేది, పరుగు నుంచి వచ్చిన మాకు ఇంత అన్నం పెట్టేది ఆవిడే.

"ఏవండోయ్ రత్నం గారూ, మీ బాబాయ్ గారు కుర్రోడైపోతన్నారండోయ్. రేపో మాపో సంబంధాలు సూడాలి" అంది.

"కూర ఎయ్యక్కా" అన్నాను.

బహుళ చవితి

పరుగు: ఇరవై ఒకటి. సమయం: రెండు గంటల మూడు నిమిషాలు. బిగువు: రెండు వేళ్ళు.

మూడు నిమిషాలు తగ్గించాను. కారణం అసూయ. అది మంచి టానిక్కు.

తెల్లవారుజామున బయలుదేరితే ఈ దారి అంత సుఖం ఇంకెక్కడా లేదు. ఎత్తు లేదు, పల్లం లేదు. మా నాయనమ్మ చిన్నప్పుడు ఈ కాలువలో పడవలను మనుషులు తాడు కట్టి లాగేవారట, అప్పటి మట్టి గట్టు మీద నడుస్తూ. ఇప్పుడు పడవలు ఎండ తాగి వాటంతట అవే పోతాయి. లాగాల్సింది మిగలలేదు. పరుగెత్తాల్సింది మిగిలింది.

ఈ గట్టు మట్టిది కాదు, వేరుమన్నుది. లోపల వెంట్రుకల్లాంటి వేర్లు కోట్లకొద్దీ అల్లుకుని ఉంటాయి. పరుగెత్తే మనిషి అడుగు పడితే బిగుసుకుంటాయి, పడకపోతే సడలిపోతాయి. నడక చాలదు, ఆ అదురు వేరు. బండి చక్రం పడితే వేర్లు తెగిపోతాయి. ఓసారి దిమ్మిస యంత్రం తెచ్చి కొట్టారు. ఆ ముక్క మూడేళ్ళు మొలవలేదు. అందుకని మేమున్నాం. ఒట్టి కాళ్ళతో అడుగు వేసినప్పుడు కింద గట్టు పిడికిలి బిగించినట్టు తెలుస్తుంది. అది తెలిసినవాళ్ళకు ఇంకో ఉద్యోగం రుచించదు.

ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఆగి సన్నటి ఇనుప కడ్డీని గట్టు మీద నిలబెట్టి, దాని మీద రాతి గుండు వదలాలి. కడ్డీ రెండు వేళ్ళు దిగితే గట్టు బాగున్నట్టు. నాలుగు దాటితే ప్రమాదం.

బహుళ పంచమి

పరుగు: ఇరవై ఒకటి. సమయం: రెండు గంటల ఐదు నిమిషాలు. బిగువు: రెండు వేళ్ళు.

సాయంత్రం ఇంజనీరు ఫయాజ్ గారు పడవ దిగారు. నెలకోసారి ఆయనే స్వయంగా కింది సగం అంతా కడ్డీ వేసి చూస్తారు. వస్తూనే ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త చెప్పారు.

మంచి వార్త: పోలయ్య బాబాయికి అష్టమి నాడు ఇక్కడే సన్మానం. కాలువ మొత్తం మీద ఇంత వేగంగా అడుగులు వేసే మనిషి ఇంకొకరు లేరట.

చెడ్డ వార్త: పదిహేనో రాయి నుంచి ఇరవై ఒకటో రాయి దాకా గట్టు సడలుతోంది. మూడున్నర వేళ్ళు దిగిందట. అమావాస్యకు పెద్ద పోటు ఉంది. ఆ ముక్కలో గట్టుకు ఎడమ పక్కన సముద్రం, కుడి పక్కన మంచినీళ్ళ కాలువ. నీళ్ళు ఇటు తిరగబడితే పదకొండు ఊళ్ళ తాగునీళ్ళూ, నారుమళ్ళూ ఉప్పైపోతాయి.

"అదే నాకు అంతుపట్టడం లేదు. పోలయ్య గారు సరిగ్గా ఆ ఆరు కిలోమీటర్లలోనే ఎక్కువ అడుగులు వేస్తున్నారు" అన్నారు ఫయాజ్ గారు.

బాబాయ్ అప్పుడే లోపలికొచ్చాడు. వెనకాల ఆయన కుక్క జీడి. ఎవరినైనా అంటుకుంటే వదలదని దానికా పేరు.

"పీతలండీ" అన్నాడు బాబాయ్ వెంటనే. "మడ అడవిలో పీతలు. గట్టంతా బొక్కలెట్టేత్తన్నాయి. ఆయ్."

"పీతలైతే బొక్కలు కనపడాలి కదండీ?"

"తెలివైన పీతలండీ" అన్నాడు బాబాయ్. అందరం నవ్వాం. ఆయన మాత్రం అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. చొక్కా జేబులోంచి ఎండు మెత్తళ్ళ చేపల వాసన వస్తోంది.

బహుళ సప్తమి, ఆదివారం

పరుగు: ఈ రోజు నాకు సెలవు. అయినా ఆరు కిలోమీటర్లు పరుగెత్తాను. సమయం చూసుకోలేదు.

రెండు పాదాలు ఎక్కువ పడితే ఆ ముక్క కాస్త కోలుకుంటుందేమోనని, పొద్దున్నే పడవలో మొగ లాకులకు వెళ్ళాను. అక్కడి నుంచి ఎగువకు, బాబాయికి ఎదురుగా పరుగు మొదలుపెట్టాను. ఆ ఆరు కిలోమీటర్లలో ఇల్లన్నది లేదు. అన్నీ మడచెట్లు, కొంగలు.

నాలుగు అడుగులు వేసేసరికే నాకు తెలిసిపోయింది. గట్టు పిడికిలి బిగించడం లేదు. నానిన అటుకుల మీద పరుగెత్తినట్టుంది. కడ్డీ వేస్తే నాలుగు వేళ్ళ పైనే దిగింది.

పద్దెనిమిదో రాయి దగ్గర మలుపు అవతల నుంచి చప్పుడు వినిపించింది. టకటకటకటక. ఎంత చక్కటి లయ! బాబాయే అనుకుని పక్కకు తప్పుకున్నాను.

మలుపు తిరిగి వచ్చింది జీడి. నాలుక బయట పెట్టి, చెవులు వెనక్కి పెట్టి, సంతోషంగా పరుగెత్తుతోంది. ముందు కుడికాలికి లెక్క గజ్జె.

దానికి సమంగా కాలువలో చిన్న డోనె వస్తోంది. అందులో గొడుగు వేసుకుని పోలయ్య బాబాయ్. చేతిలో కర్ర, కర్ర చివర ఎండు మెత్తళ్ళ దండ.

నన్ను చూశాడు. గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కదలకపోయేసరికి మెల్లగా తీశాడు.

"ఆయ్... రత్నం. ఎండగా ఉందే ఇయ్యాల" అన్నాడు.

నాకు నవ్వు ముందొచ్చింది, కోపం తర్వాత వచ్చింది. "రెండొందల నలభై! మనిషికెలా సాధ్యమని నేను నిద్ర మానుకుని ఆలోచిస్తన్నాను బాబాయ్!"

ఆయన పంచె పైకి తీసి మోకాలు చూపించాడు. తాటికాయంత ఉంది. మాఘమాసం నుంచి అంతేనట. పదిహేను కిలోమీటర్లు ఎలాగో ఈడ్చుకొస్తాడు, ఇక కాలు లేవదు. అక్కడ డోనె కట్టేసి ఉంచుకుంటాడు.

"మరి చెప్పాలి కదా?"

"చెప్తే ఏవంటారే? నువ్వు లాకుల కాడ కూకుని పడవలు లెక్కెట్టుకో పోలయ్యా అంటారు. ఈ గట్టు పెరుగులాగున్నప్పుడు ఎక్కినోణ్ణి నేను. ముప్పయ్యేళ్ళు ఒక్క రోజు నాగా లేదు. ఆరు కిలోమీటర్లకి ఏవవుద్దిలే అనుకున్నాను. గట్టు ముదిరింది కదా అని."

కడ్డీ ఆయన ముందే నిలబెట్టి గుండు వదిలాను. అది దిగుతుంటే బాబాయ్ డోనెలోంచి మెడ చాచి చూశాడు. దిగి, కుంటుకుంటూ గట్టెక్కి, అరచెయ్యి గట్టు మీద పెట్టాడు. జీడి వచ్చి ఆయన చెయ్యి నాకింది.

"నేనే సంపేశానే దీన్ని" అన్నాడు.

"ఇంకా చావలేదు. రేపు సన్మానంలో అందరూ ఉంటారు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు చెప్తే నువ్వే బాధపడతావులే. నేనే చెప్తాను."

నిజానికి నేను ఈ రోజే ఫయాజ్ గారికి కబురు పెట్టాలి. ఒక్క రోజు ఆగుతున్నాను. ఆగానని ఇక్కడ రాస్తున్నాను.

బహుళ అష్టమి

పరుగు: ఇరవై ఒకటి. సమయం: గుర్తు లేదు.

సాయంత్రం నడిమి లాకుల దగ్గర కుర్చీలు వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వంద మంది దాకా వచ్చారు. కమిటీ వాళ్ళు మాట్లాడారు. ఫయాజ్ గారు బాబాయికి శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

బాబాయ్ లేచాడు. శాలువా తీశాడు. వంగి, పక్కనే కూర్చున్న జీడికి కప్పాడు.

"ఇది దీనిదండీ" అన్నాడు. "రెండొందల నలభై అడుగులు ఇదే ఏసింది. నేను డోనెలో కూకున్నాను. నాలుగు నెలల నుంచీ. గట్టు సడలిపోతంది పీతల వల్ల కాదండీ, నా వల్ల. నన్నేం చేత్తారో తర్వాత చేద్దురుగాని. ముందు అమావాస్యకి వారం రోజులే ఉంది, దాని సంగతి సూడండి."

శాలువా మోయలేక జీడి గిరగిరా తిరిగి దాని అంచు కొరికింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. కానీ కమిటీ పెద్దల్లో ఒకాయన మొహం మాడ్చుకుని లేచి, "పదకొండు ఊళ్ళ నోట్లో ఉప్పు కొట్టావు" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. బాబాయ్ తల వంచుకుని నిలబడ్డాడు.

ఫయాజ్ గారు ఎర్రబడ్డ మొహంతో, "కుక్క అడుగులకు శాలువా కప్పినవాణ్ణి నేను. నన్ను తర్వాత తిట్టండి" అని కాగితం తీశారు. లెక్క వేశారు. ఆ ముక్క అమావాస్యకల్లా నిలబడాలంటే రోజుకు మూడు వందల మంది ఆరు కిలోమీటర్లూ పరుగెత్తాలి. మేమున్నది ఇద్దరం, అందులోనూ ఒకరికి కాలు లేదు. మిగతా కాలువల రన్నర్లను పిలిస్తే వాళ్ళ గట్లు సడలుతాయి.

"మూడొందల మందిని ఎక్కణ్ణుంచి తెత్తాం?" అన్నారెవరో.

సుగుణక్క లేచి కొంగు బిగించింది. "రేపట్నుంచి నా లాకులు దాటే ప్రతి పడవలోంచీ ఇద్దరు దిగి పరిగెట్టాల. పరిగెడతామంటేనే తలుపు తీత్తాను. లేదంటే అక్కడే ఉండి చేపలు పట్టుకోండి."

బహుళ నవమి

పరుగు: ఆరు కిలోమీటర్లు, రెండుసార్లు. నా ముక్క వారం రోజులు ఆగగలదని ఫయాజ్ గారు చెప్పారు. బిగువు, పదిహేను నుంచి ఇరవై ఒకటి: నాలుగుంబావు.

ముప్ఫై ఏడుగురు వచ్చారు. పరుగు మా ఉద్యోగం అనుకుని బతికినవాళ్ళు. పడవ ఎక్కడం, దిగడం తప్ప కాళ్ళతో పని లేనివాళ్ళు. రేవులంక బడి హెడ్‌మాస్టరు గారు అర కిలోమీటరుకే కూర్చుండిపోయి, "అమ్మా, గుండె ఏ పక్కనుంటుంది?" అని అడిగారు. ఇద్దరు ఆడపడుచులు పరుగెత్తుతూ పోట్లాడుకుని, చెరొక వైపు తిరిగి పరుగెత్తారు. ఒకాయన మడచెట్టు కొమ్మ పట్టుకుని, తనను ఇక్కడే వదిలేసి వెళ్ళమన్నాడు.

నవ్వుకున్నాం గాని, సాయంత్రం కడ్డీ వేస్తే కాస్త కూడా మెరుగు లేదు. ఇంకా కొంచెం దిగింది.

"అడుగులు తలో దారిన పడుతున్నాయి. లయ లేదు. లయ లేకపోతే వేర్లకు అర్థం కాదు" అన్నారు ఫయాజ్ గారు.

బాబాయ్ డోనెలో కూర్చుని అంతా విన్నాడు. నిన్నటి సభ నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. మెల్లగా డోనె అడుగున ఉన్న ఖాళీ రేకు డబ్బా బోర్లించి, తెడ్డు పిడితో కొట్టడం మొదలుపెట్టాడు. నిమిషానికి నూట డెబ్బై. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నా కాళ్ళు కూర్చున్నచోటే కదిలాయి. హెడ్‌మాస్టరు గారి కాళ్ళు కూడా.

బహుళ ఏకాదశి

పరుగు: ఆరు కిలోమీటర్లు, మూడుసార్లు. బిగువు: మూడున్నర.

నిన్న నూట పది మంది. ఈ రోజు రెండు వందల నలభై. సగం మంది ఏకాదశి ఉపవాసం. ఉపవాసముండి పరుగెత్తితే పుణ్యం రెట్టింపని ఎవరో పుకారు పుట్టించారు. ఎవరో కాదు, సుగుణక్కే. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అడిగితే, "పుణ్యం ఎవరిదైతే ఏంటి, గట్టు అందరిదీ కదా" అంది.

బాబాయ్ డోనెలో పోతూ డబ్బా కొడతాడు. మందంతా గట్టు మీద ఆయన వెంట. జీడి ముందు. దానికి మాత్రం ఎవరూ గజ్జె కట్టనివ్వడం లేదు.

"ఏయ్ పచ్చ చొక్కా! మడమ కాదు, ముందు పాదం! అమ్మాయ్, భుజాలు దించు, ఎవురూ నిన్ను కొట్టరు! మేష్టారూ, నోరు మూసుకుని గాలి పీల్చండి, పాఠం తర్వాత చెప్దురుగాని!"

మొన్న నవమి రోజున ఆయన వైపు చూడని వాళ్ళు కూడా ఈ రోజు ఆయన తిట్లకు నవ్వుతున్నారు. తిట్టించుకోవడానికే డోనె పక్కకు జరిగి పరుగెత్తేవాళ్ళు తయారయ్యారు.

మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. రేవులంక రొయ్యల షెడ్డులో పనిచేసే జ్ఞానసుందరి అనే ఆవిడ మజ్జిగ క్యాను తెచ్చింది. పాతికేళ్ళుంటాయి, పొడుగు మనిషి, మాటలు తక్కువ. మజ్జిగ పంచే చోటు రెండు కిలోమీటర్ల అవతలికి మారిందని చెప్పాం. ఆమె క్యాను నడుముకెత్తుకుని, గుంపుతో పాటు పరుగెత్తుకుంటూనే వచ్చేసింది. మూత లేదు. మజ్జిగ తొణకలేదు.

బాబాయ్ డబ్బా కొట్టడం ఆపి ఆమె వంక చూశాడు. లయ తప్పి దాదాపు ఐదొందల పాదాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

బహుళ త్రయోదశి

పరుగు: ఆరు, మూడుసార్లు. వాన. బిగువు: అన్ని చోట్లా రెండున్నర. పద్దెనిమిదో రాయి దగ్గర నాలుగు.

నాలుగు వందల పైన వచ్చారు. వాన కురుస్తూనే ఉంది, పరుగెత్తుతూనే ఉన్నారు. మొగ లాకుల దగ్గర బ్యాండు మేళం వాళ్ళు తడిసిన డ్రమ్ములతో దిగి బాబాయికి తోడు పట్టారు. ఎవరో పకోడీలు వేశారు. పరుగెత్తుతూ పకోడీ తినడం ప్రమాదమని ఈ పుస్తకంలో నమోదు చేస్తున్నాను.

కానీ పద్దెనిమిదో రాయి నాకు నచ్చలేదు. అక్కడ రెండు వందల గజాల ముక్క కోలుకోవడం లేదు. అది మలుపు. గుంపు మలుపు తిరిగేటప్పుడు అందరూ లోపలి అంచున పరుగెత్తుతారు, సముద్రం వైపు అంచు మీద ఎవరి అడుగూ పడటం లేదు. ఇది నాకు మూడు రోజుల ముందే తట్టాల్సింది.

రేపు అక్కడ నేనే నిలబడి అందరినీ బయటి అంచుకు తోలతాను.

అమావాస్య

ఈ రోజు పై గడులు నింపడం లేదు. జరిగింది రాస్తాను.

పోటు పొద్దున తొమ్మిదిన్నరకు పూర్తిగా వస్తుందని లెక్క. ఎనిమిదింటికే గట్టు మీది నుంచి అందరినీ దింపి, కాలువ అవతలి ఒడ్డుకు పడవల్లో చేర్చారు ఫయాజ్ గారు. నిన్నంతా బయటి అంచున పరుగెత్తాం గాని, మలుపు దగ్గర మూడుంబావుకు మించి బిగువు రాలేదు.

నేనూ, ఫయాజ్ గారూ గట్టు మీద మిగిలాం. డోనెలో బాబాయ్. ఎడమ పక్క సముద్రం నిమిష నిమిషానికీ లేస్తోంది. మడచెట్ల మొదళ్ళు మునిగాయి, కొమ్మలు మునిగాయి. గట్టు అంచుకు జానెడు కిందికి వచ్చింది.

తొమ్మిదికి కాలువ వైపు గట్టు కింద ఊట కనిపించింది. పద్దెనిమిదో రాయి దగ్గరే. వేలు లావున మొదలై మణికట్టు లావైంది. ఊట తేటగా వస్తే భయం లేదు, గట్టు వడపోస్తున్నట్టు. ఈ నీళ్ళు బురదగా వస్తున్నాయి. లోపల గట్టు కోసుకుపోతోంది.

"దిగిపోదాం రత్నం గారూ. ఇంక మన చేతుల్లో లేదు" అన్నారు ఫయాజ్ గారు.

నాకు భయమేసింది. అది రాయకపోతే అబద్ధం రాసినట్టు. గట్టు తెగితే దాని మీద ఉన్న మనిషి దొరకడు. కానీ పాదాల కింద ఏదో తెలుస్తోంది. చాలా సన్నగా, పిడికిలి బిగించాలని ప్రయత్నిస్తున్నట్టు. చావలేదు ఇంకా.

"బాబాయ్, కొట్టు" అన్నాను.

"దిగవే రత్నం!"

"కొట్టు బాబాయ్!"

ఆయన నన్ను చూశాడు. డబ్బా అందుకున్నాడు. నేను మలుపు ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు, బయటి అంచు మీద పరుగెత్తడం మొదలుపెట్టాను. రెండో చుట్టులో పక్కన ఇంకో జత అడుగులు వినిపించాయి. కళ్ళజోడు జేబులో పెట్టుకుని ఫయాజ్ గారు. పాపం, ఆయన పరుగు బాతు పరుగు. మూడో చుట్టులో అవతలి ఒడ్డు నుంచి ఎవరో కాలువలోకి దూకిన చప్పుడైంది. జ్ఞానసుందరి. ఈదుకుంటూ వచ్చి, చీర మోకాళ్ళ పైకి బిగించి కట్టి, నా వెనక చేరింది. ఆ తర్వాత పడవలు వచ్చాయి. వద్దని ఫయాజ్ గారు అరిచారు, ఎవరూ వినలేదు. అరవై మంది దాకా ఎక్కారు. హెడ్‌మాస్టరు గారు కూడా.

ఎంతసేపు పరుగెత్తామో తెలియదు. అల ఒకటి గట్టు మీదికే వచ్చి మా పాదాలు తడిపింది. ఎవరూ ఆగలేదు. అరవై మందీ ఒక్క మనిషి పరుగెత్తుతున్నట్టు చప్పుడు. అప్పుడు కాలి కింద గట్టు పట్టుకుంది. నాకొక్కదానికే కాదు, అందరికీ తెలిసింది. "అమ్మో, బిగుసుకుందండీ!" అని హెడ్‌మాస్టరు గారు కేక పెట్టారు.

బాబాయ్ డోనె ఊట దగ్గరే ఉంది. ఆయన ఒక చేత్తో డబ్బా కొడుతూనే ఇంకో చేత్తో ఊట నీళ్ళు పుడిసిట్లోకి పట్టి చూశాడు.

"తేటబడతంది!" అని అరిచాడు. "ఆపకండి! తేటబడతంది!"

పది గంటలకు సముద్రం వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. ఊట దారంలా సన్నబడి, ఆగింది. మేం పడినవాళ్ళం పడినచోటే పడుకున్నాం. ఎవరో నవ్వు మొదలుపెట్టారు. ఇంక ఆపుకోలేకపోయాం. బాబాయ్ మాత్రం డబ్బా పక్కన పెట్టి, పంచె కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. జీడి ఆయన ఒళ్ళో ఎక్కి కూర్చుంది. డోనె ఒక పక్కకు ఒరిగి ఇద్దరూ కాలువలో పడ్డారు.

మంచినీళ్ళలోనే పడ్డారు.

ఆషాఢ శుద్ధ విదియ

పరుగు: ఇరవై ఒకటి, నా ముక్కలో. సమయం: రెండు గంటల పదిహేను నిమిషాలు. కాళ్ళు నావి కావు. బిగువు: రెండుంబావు.

కమిటీ కూర్చుని తేల్చింది. పోలయ్య బాబాయికి పరుగు ఆపేశారు. అబద్ధం చెప్పినందుకు గజ్జె వెనక్కి తీసుకున్నారు. ఆయన వెంటనే ఇచ్చేశాడు. వచ్చే వారం మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత ఊళ్ళవాళ్ళకు పరుగు నేర్పే పని ఆయనకే ఇవ్వాలని హెడ్‌మాస్టరు గారు పట్టుబట్టారు. ఇక నుంచి పున్నమికీ, అమావాస్యకూ ముందు మూడు రోజులు పదకొండు ఊళ్ళూ వంతులవారీగా పరుగెత్తుతాయి. కమిటీ పెద్దాయన, ఆ రోజు ఉప్పు కొట్టావని తిట్టినాయన, మొదటి వంతు తన ఊరికే రాయించుకున్నాడు.

కింది సగానికి మాత్రం రోజూ పరుగెత్తే మనిషి కావాలి.

మధ్యాహ్నం నేనూ బాబాయ్ లాకుల అరుగు మీద కూర్చుని ఉంటే, జ్ఞానసుందరి వచ్చి నిలబడింది. "ఆ పని నాకిత్తారా అండీ?" అంది.

"రొయ్యల షెడ్డు?" అన్నాను.

"అక్కడ రోజంతా నిలబడే ఉండాలండి. నాకు నిలబడ్డం చేతకాదు. ఇన్నాళ్ళూ తెలీలేదు."

బాబాయ్ ఆమెను ఎగాదిగా చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. అభ్యర్థి ఎదుట అలాగే పెడతాడు, నాకూ పెట్టాడు. "అదిగో ఆ తూము దాకా ఎల్లి రా" అన్నాడు.

ఆమె పరుగెత్తింది. బాబాయ్ చూడలేదు. కళ్ళు మూసుకుని, అరచెయ్యి గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అడుగులు దూరమయ్యాయి, మళ్ళీ దగ్గరయ్యాయి. ఆమె వచ్చి ఆగింది. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఇంకోసారి" అన్నాడు.

ఆమె మళ్ళీ వెళ్ళి వచ్చింది. ఈసారి కూడా ఆయన కళ్ళు తెరవలేదు.

"బాలేదా బాబాయ్?" అని గుసగుసగా అడిగాను.

"బాగుందే. అందుకే ఆ అడుగులు ఇంకోసారి ఇందామని" అన్నాడు.